వచ్చేది సరే, పోయేదేమిటి?

మొన్న ఇక్కడ అమెరికాలో జరిగిన కార్తీక వనభోజనాల్లో పులిహోర ప్లేట్లు చేతిలో పట్టుకుని మేం నలుగురం గంటకు పైగా ఒకే సంగతి మాట్లాడుకున్నాం. ఆపిల్ తెస్తుందంటున్న టచ్ స్క్రీన్ లాప్‌టాప్ గురించి. మా మిత్రుడొకరి అమ్మాయి వచ్చే ఆగస్టులో కాలేజీలో చేరుతోంది. "ఇప్పుడే కొనేయమంటారా, అది వచ్చేదాకా ఆగమంటారా?" అని ఆయన అడగడమే ఆలస్యం, తలా ఒక మాట మొదలైంది. తెర పైభాగాన కెమెరా కోసం వదిలిన నల్లటి గాటు పోయి చిన్న రంధ్రం మిగులుతుందట. తెర ఓఎల్‌ఈడీ, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం, అవుతుందట. యంత్రం మొత్తం ఇంకా పలచబడుతుందట. వచ్చేవాటి గురించి అందరి దగ్గరా సమాచారం ఉంది. పోయేవి ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేను అడగబోయేసరికి పిల్లల ఆటల పోటీలకు పిలుపు వచ్చింది. అక్కడ ఆగిపోయిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

ఈ పుకారు ఇవాళ్టిది కాదు. ఆపిల్ ఇంజనీర్లు టచ్ స్క్రీన్ పని మీద ఉన్నారని, 2025లో రావచ్చని బ్లూమ్‌బర్గ్ విలేకరి మార్క్ గుర్మన్ 2023 జనవరిలోనే రాశారు. 2025 వచ్చి వెళ్లింది, ఆ లాప్‌టాప్ మాత్రం రాలేదు. అయినా కబురు చల్లారకపోవడానికి కారణం ఉంది. ఇది వద్దని అందరికంటే గట్టిగా వాదించింది ఆపిలే. నిటారుగా ఉన్న తెరను వేలితో తాకుతూ పనిచేస్తే మొదట్లో బాగానే ఉంటుంది గాని కాసేపటికి చెయ్యి పీకేస్తుందని, తాము పరీక్షించి చూశామని స్టీవ్ జాబ్స్ 2010 అక్టోబరులో వేదిక మీదే చెప్పారు. విండోస్ వైపు మాత్రం 2012లో విండోస్ 8తోనే టచ్ లాప్‌టాప్‌లు దుకాణాల్లో వరస కట్టాయి.

నేను టచ్ రావాలనే పక్షం. జాబ్స్ చెప్పిన మాట రోజంతా తెరను తాకుతూ కూర్చునేవాళ్లకు నిజమే, కానీ అలా ఎవరూ కూర్చోరు. కిందటేడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నా లాప్‌టాప్‌లో తెలుగు పేపరు చదివేది. కిందికి జరపాలంటే చూపుడు వేలు నేరుగా గాజు మీదికి వెళ్లేది. రెండుసార్లు జరిపి, మూడోసారి కాస్త గట్టిగా నొక్కి, "ఇది కదలదేమిటిరా, నా ఫోనులో కదులుతుందే" అనేది. కింద ఉన్న ట్రాక్‌ప్యాడ్ చూపిస్తే తలూపేది. మర్నాడు మళ్లీ వేలు గాజు మీదే. ఫోనులో తెలుగు కూడా ఆమె వేలితోనే రాస్తుంది, క్షలు, ళలు, కింది ఒత్తులతో సహా. పలక మీద బలపంతో దిద్దిన చేతికి అక్షరం గీతగానే గుర్తుంటుంది. ఇక్కడి దుకాణాల్లో అమ్మే కీబోర్డుల మీద తెలుగు అక్షరం కనబడదు. భారత ప్రభుత్వం 1980లలో తయారు చేయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్‌లో ఉంది, మీటల మీద గుర్తులే లేవు. డెబ్బై దాటిన మనిషికి అది ఉన్నా లేనట్టే. అలాంటి పెద్దవాళ్లకు తెరే పలక అవుతుందంటే నేను వద్దనను.

కాబట్టి టచ్‌తో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ గాజు వెనక ఏం జరుగుతుందన్న దాని మీద.

కంప్యూటర్లలోంచి ఏదో ఒకటి తీసేయడం పాతికేళ్లకు పైగా చూస్తున్నదే. 1998లో ఐమ్యాక్ ఫ్లాపీ డ్రైవు లేకుండా వచ్చినప్పుడు గోల జరిగింది. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ కాగితం కవరులోంచి బయటికి వచ్చి, సీడీ డ్రైవు లేదని తెలిసినప్పుడూ జరిగింది. ఆ రెండూ తీసేయడం సరైన పనేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. సీడీ కావాలనుకున్నవారు విడిగా డ్రైవు కొని తగిలించుకున్నారు, కొన్నాళ్లకు అదీ అటకెక్కింది. బయటి నుంచి తగిలించుకునే వీలున్నది పోతే ఇబ్బందే గాని నష్టం కాదు. మూత కిందిది పోతే మాత్రం దానికి బదులు ఏ దుకాణంలోనూ దొరకదు. కొత్త నమూనా గురించి పుకారు విన్నప్పుడల్లా నేను పెట్టుకునే కొలత ఇదే.

2016 అక్టోబరులో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోను ఈ కొలతతో చూడండి. టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ, కెమెరా కార్డు పెట్టే గాడి, అయస్కాంతంతో అతుక్కునే చార్జర్ ఒక్కసారిగా పోయాయి. ఖరీదైన నమూనాల్లో పై వరస మీటల చోట టచ్ బార్ అనే సన్నని తెర వచ్చింది. ఎస్కేప్ మీట అందులో ఒక బొమ్మగా మారిపోయింది. కోడ్ రాసేవాళ్లకు ఎస్కేప్ అంటే చూడకుండానే ఎడమ చిటికెన వేలు వెళ్లే చోటు. అక్కడ వేలికి ఏమీ తగలకపోవడం ఎంత చిరాకో వాడినవాళ్లకే తెలుసు. వాళ్లు ఊరుకోలేదు. 2019లో మీట తిరిగి వచ్చింది. 2021 నమూనాల్లో టచ్ బార్ పోయి, హెచ్‌డీఎంఐ, కార్డు గాడి, అయస్కాంతపు చార్జర్ వెనక్కి వచ్చాయి. ఆ ఏడాది 16 అంగుళాల యంత్రం మందం 16.2 మిల్లీమీటర్ల నుంచి 16.8కి పెరిగింది కూడా. మందం పెరిగిందని బాధపడినవారు నాకు ఇంతవరకు తగల్లేదు. పలచన కావాలని మనమే అడుగుతున్నామనే కంపెనీల వాదనలో ఎంత పస ఉందో అక్కడే తేలిపోయింది. వాడేవాళ్లు గట్టిగా అడిగితే ఎంత పెద్ద కంపెనీ అయినా దిగివస్తుందని కూడా తేలింది.

కానీ పోయినవాటిలో తిరిగి రానిది ఒకటుంది, విప్పి మార్చుకోగల మెమరీ, అంటే నడుస్తున్న పనిని యంత్రం గుర్తుంచుకునే ర్యామ్. 2012 జూన్‌లో ఆపిల్ రెండు రకాల మ్యాక్‌బుక్ ప్రోలు అమ్మింది. రెటీనా తెరతో వచ్చిన కొత్తదానిలో మెమరీని బోర్డుకు టంకం పెట్టి అతికించారు, బ్యాటరీని జిగురుతో అంటించారు. పాత పద్ధతిలోది మందంగా, బరువుగా ఉండేది, ధర తక్కువ. డబ్బు చూసుకుని నేను ఆ మందపాటిదే కొన్నాను.

రెండేళ్లకు అది నెమ్మదించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద బోర్లా పెట్టి అడుగు మూత విప్పాను. 10 స్క్రూలు. ఏడు పొట్టివి, మూడు పొడుగువి. ఏది ఎక్కడిదో తికమక పడకూడదని ఇడ్లీ రేకు తెచ్చి, విప్పిన వరసలోనే గుంటల్లో వేశాను. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. రేకు కదలకుండా పట్టుకోవడం వాడి పని. మెమరీ ముక్కను రెండు వైపులా పట్టి ఉంచే చిన్న చెవులను పక్కకు జరిపితే ముక్క దానంతట అదే ఏటవాలుగా పైకి లేస్తుంది. అది లేచినప్పుడు వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. 4 జీబీ తీసి 16 జీబీ పెట్టాం. ఫైళ్లు దాచే హార్డ్ డిస్క్ తీసి అంతకంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టాం. మూత మళ్లీ బిగించేసరికి గంట కూడా కాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు అది మా ఇంట్లోనే నడిచింది. 2018లో సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టుకుని సికింద్రాబాద్ తీసుకెళ్లి మా మేనల్లుడికి ఇచ్చాను. బ్యాటరీ ఉబ్బినప్పుడు వాడు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్లి ఒక పూటలో మార్పించుకున్నాడు. బీటెక్ నాలుగేళ్లూ దాని మీదే పూర్తి చేశాడు.

ఇది చదువుతున్న చాలామంది ఇళ్లలో ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడ పాతబడిన లాప్‌టాప్ అక్కడ ఒక తమ్ముడికో, మరదలికో, ఊళ్లో బడికో చేరడం మన వలస జీవితంలో భాగం. ఆ యంత్రానికి అక్కడ రెండో జీవితం ఉంటుందా లేదా అన్నది మూత కింద ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మా అమ్మాయి కాలేజీకి కొన్న లాప్‌టాప్‌కు ఆ రెండో జీవితం దక్కలేదు. చాలా సన్నగా, ముచ్చటగా ఉండేది. మెమరీ 8 జీబీ. మూడో ఏడాది చదువుకు అది చాలలేదు, పెంచే వీలు లేదు. నాలుగో ఏడాది ఫైళ్లు దాచే స్టోరేజీ పాడైంది. అదీ బోర్డుకు అతికించినదే కాబట్టి బోర్డు మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ధరకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు, రెండేళ్ల ఫోటోలు అందులోనే పోయాయి. ఆ రాత్రి ఆమె ఫోనులో ఏడుస్తుంటే నాకు ఇడ్లీ రేకే గుర్తుకొచ్చింది.

అతికించడానికి కారణాలే లేవని నేను అనను. మెమరీ ప్రాసెసర్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత వేగం, అంత తక్కువ కరెంటు. విప్పి మార్చుకునే లాప్‌టాప్‌లతో 2021లో పేరు తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా 2025లో తెచ్చిన డెస్క్‌టాప్‌లో మెమరీని అతికించాల్సి వచ్చింది. వాళ్లు ఎంచుకున్న ఏఎండీ చిప్‌కు కావలసిన వేగం మరోలా రాలేదు. అది నిజాయితీ ఉన్న కారణం, ఒప్పుకుంటాను. మరి లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టిన మెమరీ సంగతి? ఎల్‌పీక్యామ్2 అనే ఆ చిన్న పలక తక్కువ కరెంటు తాగే రకం మెమరీనే, కానీ స్క్రూలతో బిగుస్తుంది. స్టోరేజీకైతే ఈ వేగం సాకు అసలు నిలవదు. 2024 అక్టోబరులో వచ్చిన ఆపిల్ డెస్క్‌టాప్ మ్యాక్ మినీ 12.7 సెంటీమీటర్ల చదరపు డబ్బా. దాని పవర్ మీట అడుగున ఉందని వారాల తరబడి చర్చ జరిగింది. లోపల స్టోరేజీ ఊడదీయగల చిన్న బోర్డు మీద ఉందన్న సంగతి ఆ రభసలో చాలామంది చెవిన పడనే లేదు. మీట ఎక్కడున్నా రోజుకు ఒకసారి నొక్కుతాం. స్టోరేజీ పోయిన రోజు మాత్రం ఆ చిన్న బోర్డే దిక్కు.

పలచగా ఉండాలంటే మూసేయక తప్పదన్న మాట కూడా నేను నమ్మను. మన సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్‌నే తీసుకోండి. 2017లో వచ్చిన మొదటి సర్ఫేస్ లాప్‌టాప్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ రిపేరుకు పదికి సున్నా మార్కులు వేసింది, పాడు చేయకుండా తెరవడమే సాధ్యం కాదంది. 2024 నాటి సర్ఫేస్ లాప్‌టాప్‌కు అదే సంస్థ పదికి ఎనిమిది వేసింది. రెండూ సన్నటివే. మధ్యలో మారింది కంపెనీ మనసు.

ఇప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ఏఐ డేటా సెంటర్లు మెమరీని తోడేస్తుండటంతో 2025 చివరి నుంచి దాని ధరలు పెరిగిపోయాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మెమరీ తయారు చేసే మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇవాళ కొంచెం కొని, ధర దిగాక ఇంకొంచెం చేర్చుకునే వీలు మధ్యతరగతి ఇంటికి ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అతికించిన యంత్రంలో ఆ ఊరట లేదు. రేపటి అవసరానికి కూడా ఇవాళ్టి ధరే కట్టాలి.

చట్టాలు కొంత దారి వేశాయి. కాలిఫోర్నియా చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. 100 డాలర్లు, అంతకు మించిన ఎలక్ట్రానిక్ వస్తువులకు తయారీ ఆగిన తర్వాత కూడా ఏడేళ్లు విడిభాగాలు, రిపేరు పుస్తకాలు అందుబాటులో ఉంచాలంటోంది. న్యూయార్క్, మిన్నెసోటా, ఒరెగాన్‌లలోనూ ఇలాంటివి ఉన్నాయి. అయితే విడిభాగం అమ్మమని చెప్పే చట్టం, అది విడిగా ఉండాలని చెప్పదు. అన్నీ కలిపి ఒకే బోర్డుగా చేసేస్తే ఆ బోర్డు మొత్తమే విడిభాగం అయిపోతుంది, ధరా అలాగే ఉంటుంది.

అందుకే పుకార్ల కాలంలోనే మాట్లాడాలి అంటున్నాను. టచ్ తెర ఓఎల్‌ఈడీ అయితే, గాజు పగిలినప్పుడు గాజు ఒక్కటే మారుతుందా, పై మూత మొత్తం మార్చాలా? కదలకుండా ఉండే మెనూ వరస ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగితే ఓఎల్‌ఈడీ మీద మరక పడే ప్రమాదం ఉంది, దానికి వారంటీ ఎన్నాళ్లు? కొత్త పలచన కోసం బ్యాటరీని మళ్లీ జిగురుకు అప్పగిస్తున్నారా? మనలో చిప్‌లు రూపొందించేవాళ్లున్నారు, బోర్డులు గీసేవాళ్లున్నారు, కంపెనీలకు వందల యంత్రాలు కొనిపెట్టే హోదాల్లో ఉన్నవాళ్లున్నారు. ఈ ప్రశ్నలు వాళ్ల నోటి నుంచి, వాళ్ల సమావేశాల్లో వినబడాలి.

మిత్రుడికి వనభోజనాల మర్నాడే ఫోను చేశాను. ఆగవద్దన్నాను, పుకారులోని యంత్రం ఆగస్టుకు వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. స్టోరేజీ మార్చుకోగలిగినదే చూడమన్నాను. మెమరీ అతికించినదే తప్పదనుకుంటే రంగుకు, పలచనకు పెట్టే డబ్బు దానికి పెట్టి మొదటే ఎక్కువ తీసుకోమన్నాను. "అమ్మాయి టచ్ కావాలంటోందండీ" అన్నారు. టచ్ ఉండి, అడుగు మూత స్క్రూలతో విప్పగలిగేవి కూడా ఉన్నాయని చెప్పాను. నమ్మకం కుదరలేదు. "ఒకసారి విప్పి చూపిస్తారా?" అని అడిగారు. ఈ శనివారం తండ్రీకూతుళ్లిద్దరూ మా ఇంటికి వస్తున్నారు. ఇడ్లీ రేకు తీసి భోజనాల బల్ల మీద పెట్టాను.