ముళ్ళు చదివిస్తున్నాం, వ్యవధిని వదిలేస్తున్నాం

చిన్న ముల్లు మూడు మీద, పెద్ద ముల్లు పన్నెండు మీద ఉన్న అట్ట గడియారాన్ని చూపించి టైమెంతయిందని అడిగితే, రెండో తరగతి పిల్లలు చాలామంది మూడయిందని తడుముకోకుండా చెబుతారు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి ఒడ్డున నరసాపురంలో దిగడానికి ఎంతసేపు పడుతుందని అదే పిల్లల్ని అడిగితే మాత్రం రెండు నిమిషాలని ఒకరు, రెండు గంటలని మరొకరు అంటారు. వారంతా ఆ రేవు ఎన్నోసార్లు దాటినవారే. కోనసీమ బడుల్లో పిల్లల మధ్య పనిచేస్తున్న నాకు ఈ తేడా ఏటా కనిపిస్తూనే ఉంది. గడియారం చదవడం, ఎంతసేపో అంచనా కట్టడం రెండూ వేర్వేరు విద్యలని, వాటిలో రెండోదాన్ని ముందుగా మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

గడియారపు పలక నిజానికి పసివాడికి కష్టమైనదే. ఒకే నాలుగు అంకె చిన్న ముల్లుకు నాలుగు గంటలు, పెద్ద ముల్లుకు ఇరవై నిమిషాలు. పదుల్లో లెక్కపెట్టడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న పిల్లవాడు ఇక్కడ అరవైతో తంటాలు పడాలి. అయినా అది గుర్తుంచుకోవలసిన ఏర్పాటు మాత్రమే కనుక ఐదో ఎక్కం వచ్చాక కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. వ్యవధి అలా పట్టుబడేది కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త ఝాఁ పియాజే 1946లో పిల్లల కాలభావనపై ప్రచురించిన పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించాడు. రెండు బొమ్మలు ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగినా, వేగంగా కదిలి ఎక్కువ దూరం వెళ్ళిన బొమ్మే ఎక్కువసేపు నడిచిందని చిన్నపిల్లలు అంటారు. కాలువ గట్టు మీద సైకిలు తొక్కిన అన్న, నడిచిన తమ్ముడు ఒకే సమయానికి బయలుదేరి ఒకే సమయానికి ఆగినా, అన్నే ఎక్కువసేపు వెళ్ళాడని మా పిల్లలూ అంటారు. దూరం, వేగం, కాలం వారి మనసులో ఇంకా విడిపోలేదు. అట్ట గడియారాన్ని ఎన్నిసార్లు తిప్పి చూపించినా ఆ ముడి వీడదు.

భాష విషయంలో మనకు లోటు లేదు. మొన్న, నిన్న, నేడు, రేపు, ఎల్లుండి అని దేనికది విడిగా మాట ఉంది. నాలుగేళ్ళ పిల్ల జరిగిపోయినదంతా నిన్నే అంటుంది. దాన్ని తప్పని కసరకుండా "నిన్న కాదమ్మా, అమ్మమ్మ వచ్చిన రోజు" అని ఒక గుర్తుకు ముడివేస్తే చాలు. ఇరవైనాలుగు నిమిషాల గడియ ఇప్పుడు పంచాంగానికి పరిమితమైనా గడియారం పేరులో మిగిలే ఉంది, మూడు గంటల జాము తెల్లవారుజాములో మిగిలింది. కొలమానాలను చెడగొడుతున్నది పెద్దలమే. "ఒక్క నిమిషం ఆగు నాన్నా" అని చెప్పి పావుగంట తర్వాత వస్తే, పెద్దల పని అయ్యేదాకా పట్టేదే నిమిషమని బిడ్డకు అర్థమవుతుంది. "ఈ బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టేదాకా ఆగు" అన్న మాట అంతకంటే నిజాయితీ గలది, పిల్లవాడు కళ్ళతో చూసి కొలుచుకోగలిగినది కూడా.

ఇక మన డెల్టాలో ఇందుకు పనికొచ్చేవి ఎన్ని ఉన్నాయో చూడండి. దాళ్వాలో, అంటే రెండో వరి పంటకు, కాలువల్లో నీరు తగ్గినప్పుడు వంతులవారీగా వదులుతారు. తమ వంతు ఎన్నాళ్ళకు వస్తుందో, వచ్చాక చేను తడవడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో మాట్లాడుకుంటుంటే పిల్లలు వింటూనే ఉంటారు. కొబ్బరి దింపు జరుగుతున్నప్పుడు ఒక చెట్టెక్కి దిగడానికి ఎంతసేపు, పది చెట్లకు ఎంతసేపు అని అడగవచ్చు. దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువగా వెళుతుంది. దేశానికి పడమటి కొసనున్న ద్వారకలో సూర్యుడు నడినెత్తికి రావడం గడియారంతో పోలిస్తే సగటున 54 నిమిషాలు ఆలస్యమైతే, అమలాపురంలో ఆ తేడా రెండు నిమిషాలే. ఋతువును బట్టి పావుగంట వరకు అటూ ఇటూ అయినా, బడి ఆవరణలో పాతిన కర్ర నీడ ఇక్కడ పన్నెండు ప్రాంతంలోనే అన్నిటికంటే పొట్టిగా పడుతుంది. పిల్లలు గంటగంటకూ ఆ నీడ కొసన సున్నంతో గుర్తు పెడితే కాలం నేలమీద గీతలుగా కనిపిస్తుంది.

పద్ధతిలో కొత్తదేమీ లేదు. ముందు అంచనా చెప్పించాలి, తర్వాత కొలిపించాలి, రెండూ పక్కపక్కన రాయించాలి. కళ్ళు మూసుకుని నిమిషమైందనుకున్నప్పుడు చెయ్యెత్తమంటే మొదటిరోజు చాలామంది తొందరపడతారు. రోజూ చేస్తే ఆ తేడా తగ్గుతూ వస్తుంది. ఈ అలవాటు కుదిరిన తరగతికి గడియారం వచ్చినప్పుడు, తమకు ముందే తెలిసినదాన్ని ముళ్ళు చూపిస్తున్నాయని పిల్లలు గ్రహిస్తారు. ఫోన్లో అంకెలు కనిపిస్తుండగా ముళ్ళ గడియారం ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. 9:50 అన్న అంకెలు పదికి ఇంకెంత మిగిలిందో కంటికి చూపించవు, పెద్ద ముల్లుకూ పన్నెండుకూ మధ్యనున్న ఖాళీ చూపిస్తుంది.

మూడో తరగతి ముగిసేసరికి పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడాలని 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైంది. ఆ లక్ష్యం సరైనదే. నా ఆందోళనంతా పరీక్ష గురించి. గడియారం బొమ్మ వేసి సమయమెంతని అడగడం తేలిక, అంచనాను పరీక్షించడం కష్టం. పరీక్షలో లేనిది బడిలో మెల్లగా మాయమవుతుంది. అందుకే అంచనాల నోటుపుస్తకాన్ని కూడా మూల్యాంకనంలో చేర్చాలని కోరుతున్నాను.

అంతర్వేది వైపు మత్స్యకారుల పిల్లలకు సముద్రపు పోటు (నీరు పెరగడం), పాటు (తగ్గడం) బడికి రాకముందే తెలుసు. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కనుక పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈరోజు పోటు పదింటికి వస్తే రేపు ఎప్పుడొస్తుందో పుస్తకంలో రాసుకుని, మర్నాడు టీచరుతో కలిసి ఏటి ఒడ్డుకు వెళ్ళి చూసే తరగతి ఆ ఊళ్ళలో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.