పుస్తకాలను పిల్లల బారి నుంచి కాపాడుకుందాం

ఎలిమెంటరీ స్కూలు పిల్లలకి పుస్తకాలు ఎంచడం ఆషామాషీ వ్యవహారం కాదండీ. మా కోనసీమలో ఈ విద్యలో ఆరితేరిన పెద్దలున్నారు, వాళ్ళ పద్ధతి నాలుగూళ్ళకీ తెలియాలని రాస్తున్నాను.

ముందు బరువు చూడాలి. పద్యాల పోటీలో ఫస్టొచ్చిన మూడో తరగతి పాపకి ఇచ్చే బహుమతి రెండు చేతులతో ఎత్తినా లేవకూడదు. తాత్పర్య సహితమైతే మరీ మంచిది. బొమ్మలుంటే మాత్రం పక్కన పెట్టేయండి, బొమ్మలు చూస్తే పిల్లలు నవ్వుతారు, నవ్వితే చదువేం కావాలి? ఆ తర్వాత చివరి పేజీ. అక్కడ 'కాబట్టి పిల్లలూ' అని ఉందా, కళ్ళు మూసుకుని కొనేయండి. మొదటి పేజీతో మనకి పని లేదు.

ఐదు వేళ్ళ పద్ధతని ఇంకోటి ప్రచారంలో ఉంది. పిల్లాడు తనకి నచ్చిన పుస్తకం తీసి, ఏదో ఒక పేజీ చదువుతూ, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడుస్తాడు. రెండు మూడు వేళ్ళతో ఆగితే అది వాడికి సరిపడే పుస్తకం, ఐదూ ముడుచుకుపోతే కష్టమైనదన్నమాట, అయినా వాడికి అదే కావాలంటే పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. సీరియల్ టైములో కూర్చోవాలా? ఐదు వేళ్ళ పద్ధతి మనకీ ఉంది, అది వీపు మీద పనిచేస్తుంది.

ఇక పంచడం. అసలు టెన్షనంతా ఇక్కడే. పుస్తకం పోతే డబ్బులు తన నెత్తిన పడతాయేమోనని మాస్టారి భయం, అది అబద్ధపు భయమేం కాదు, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. పుస్తకం నలిగిందంటే ఎవరో చదివారని అర్థం, కానీ ఆ మాట రిజిస్టర్లో ఏ గడిలో రాయాలి? అందుకని బీరువాకి తాళం. గోదారి గట్టు గాలికి అట్టలు బూజు పడితే పడనీండి, చెదలు తింటే తిననీండి. చెదపురుగుకి పుస్తకం ఇచ్చినట్టు ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు కదా.

ఈ పంచే పిచ్చి పాతవాళ్ళు అంటించిందే. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య మన తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులోనే పుట్టారు. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారైతే 1935లో పుస్తకాలని ఏకంగా పడవెక్కించి కాలవ మీద ఊరూరా తిప్పారు. పుస్తకమే జనం రేవు దగ్గరికొచ్చి నిలబడితే దాని పరువేం మిగిలింది చెప్పండి? ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల కోసం కడుతున్నాం, కట్టామన్న తృప్తి చాలు, మళ్ళీ వెళ్ళి చదవడం అత్యాశ.

అలాగని పుస్తకాలంటే మాకు గౌరవం లేదనుకునేరు. ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవగానే బీరువా బార్లా తెరిచి, దండేసి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీస్తాం. మొన్నామధ్య ఓ బుడ్డోడు "అండీ, ఆ ఏనుగు పుస్తకం ఓసారి ఇస్తారేంటండీ, రేపు తెచ్చేత్తానండి" అని చెయ్యి చాపాడు. అద్దాల్లోంచి రోజూ ఆ అట్ట చూస్తున్నాడట. అందుకే దాతలకి మనవి, ఈసారి ఇచ్చే బీరువాకి అద్దాలొద్దు, రేకు తలుపులు పెట్టించండి.