ఏడు తరాల ఛార్జింగ్

చేప పొలుసుతో ఫోన్ ఛార్జింగ్ అట. మళ్లీ వచ్చింది వార్త. పోయినసారి ఉల్లిపొట్టు, అంతకుముందు గుడ్డు పెంకు లోపలి పొర. వీడియో మాత్రం ఎప్పుడూ ఒకటే. వేలితో టకటకా కొడతారు, ఎల్ఈడీలు తళుక్కుమంటాయి, మానవజాతి తరించిపోతుంది. వేలు ఆగితే ఏమవుతుందో చూపించేలోపే వీడియో అయిపోతుంది.

సైన్సుతో నాకు పేచీ లేదు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే చూపించారు. పొలుసులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కూ ఆ గుణముంది. వోల్టేజీ ఘనంగానే వస్తుంది, కరెంటే మైక్రో ఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పది లక్షలో వంతుల్లో ఉంటుంది. రెండూ గుణిస్తేనే పవర్. హెడ్డింగులు పెట్టేవాళ్లు వోల్టేజీ దగ్గరే చదవడం ఆపేస్తారు.

కాబట్టి మిగతా లెక్క మనమే వేద్దాం. సగటున 10 మైక్రోవాట్లు ఇచ్చే ఇలాంటి పొలుసు పట్టీ మోచేతికి కట్టుకున్నామనుకోండి. ఫోన్ బ్యాటరీ సుమారు 15 వాట్ అవర్లు. నిండడానికి 171 ఏళ్లు. వంశ మూలపురుషుడు శుభముహూర్తాన మొదలుపెట్టాలి. రాత్రీపగలూ మోచెయ్యి ఆడిస్తూనే ఉండాలి, పెళ్లిపీటల మీద కూడా ఆపకూడదు. చివరి ఘడియల్లో కొడుకును పిలిచి, "పద్నాలుగు శాతం దాకా తెచ్చానురా, ఇక నీదే భారం" అని పట్టీ అప్పగించాలి. అలా ఏడు తరాలు. ఏడో తరంవాడు నూరు శాతం చేసి, స్విచ్చి నొక్కి, ఆ ఫోన్‌కు అప్‌డేట్లు ఎప్పుడో తాతల నాడే ఆపేశారని తెలుసుకుంటాడు. (బ్యాటరీ ఊరికే ఉన్నా నెలనెలా కొంత దిగిపోతుంది. ఆ మాట వాళ్లకు చెప్పకండి.)

అదే 10 మైక్రోవాట్లను ఒక మామూలు సీఆర్2032 బటన్ సెల్ (బిళ్లలాంటి చిన్న బ్యాటరీ) కాగితం మీద లెక్కకు ఏడేళ్లకు పైనే ఇస్తుంది. మోచెయ్యి ఆడించక్కర్లేదు.

పైగా చాలా నమూనాల్లో పొలుసుకు అటూ ఇటూ లోహపు పూత, కొన్నిటికైతే బంగారమే, ఆపైన సిలికాన్ తొడుగు. మట్టిలో కలిసేదాన్ని తెచ్చి కలవనివాటి మధ్య సమాధి చేసి, పర్యావరణహితమని బోర్డు.

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోసింది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డయింది 22.3 శాతం. ఇయర్‌బడ్‌లో గింజంత బ్యాటరీ చచ్చిపోతే మార్చే దారి లేదు, జిగురేసి మూసేశారు. మొత్తం పారేసి కొత్తది కొనాలి. దీనికి నానో టెక్నాలజీ ఎందుకు? మూత, రెండు స్క్రూలు చాలు. పెట్టరు. పెడితే అమ్మకాలు పడిపోతాయి కాబట్టి పెట్టరు! సిగ్గులేని దోపిడీ ఇది, దీనికి చేప పొలుసును అడ్డం పెట్టకండి.

చివరికి యూరప్ చట్టమే చెయ్యాల్సి వచ్చింది: 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలని. ప్రధానంగా నీళ్లలో తడుస్తూ పనిచేసే పరికరాలకు మాత్రం మినహాయింపు. చూస్తూ ఉండండి, ఇయర్‌బడ్లన్నీ ఈత నేర్చుకుంటాయి.