సవరణ: వెన్నెలకంటి సుబ్బారావు ఆత్మకథ గురించి

మొన్నటి పోస్టులో ‘తెలుగులో తొలి ఆత్మకథ రాసింది మన ఒంగోలు ప్రాంతం వాడే’ అని రాశాను. అది తప్పు. వెన్నెలకంటి సుబ్బారావు ఒంగోలు ప్రాంతం వాడే, కానీ తన జీవితం రాసుకున్నది ఇంగ్లీషులో. మద్రాసు సదర్ కోర్టులో (ఈస్టిండియా కంపెనీ కాలపు పై కోర్టు) అనువాదకుడిగా, దుబాసీగా (నోటిమాటలు తర్జుమా చేసేవాడిగా) పనిచేసిన మనిషికి ఆ భాషే చేతికి వచ్చింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. పుస్తకం ఆయన బతికుండగానే అచ్చయినట్టు రాశాను. ఆయన పోయింది 1839లో. కొడుకు వెంకటగోపాలరావు దాన్ని మద్రాసులో అచ్చు వేయించింది 1873లో, అదీ బంధుమిత్రుల కోసమని. అంటే 34 ఏళ్లు ఆ కాగితాలు ఇంట్లోనే భద్రంగా ఉన్నాయన్నమాట! నాకైతే రాసినాయన ఎంత గొప్పో, దాచిన కొడుకూ అంతే గొప్ప. ముఖపత్రం మీద పేరు పక్కనే ‘ఒంగోలు వాస్తవ్యుడు’ అని ఇంగ్లీషులో ఉంటుంది. అది చూసిన సంబరంలోనే తొందరపడ్డాను.

తెలుగులో తొలి ఆత్మకథగా సాధారణంగా చెప్పేది కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’. పాత పోస్టును కూడా సరిచేశాను. ముందే షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్నీ షేర్ చేయండి.