సమాధానం దాఖలు చేయడమైనది

పాస్టర్లను తయారుచేసే కాలేజీల్లో ‘పునరుద్ధరణ న్యాయం, శాంతి స్థాపన’ మీద, అంటే తప్పు చేసినవాడి చేతే బాధితుడి నష్టం తీర్పించి తగవు చల్లార్చే పద్ధతి మీద, ఫీల్డ్ వర్క్ ఉండాలన్న ఆలోచనను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. నా అభ్యంతరమల్లా బస్సు ఖర్చు గురించే. జైళ్ళకనీ బస్తీలకనీ గొడవలు జరిగిన ఊళ్ళకనీ పిల్లల్ని అంతంత దూరం తిప్పడం దేనికండీ? మా చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ మీటింగుకు పంపండి. కోరం ఉన్న రోజు, అంటే సరిపడా సభ్యులు వచ్చిన రోజు, సమోసా కూడా పెడతారు.

మా చర్చి తలుపుకు రెండు తాళాలు. ఒకటి పాత కమిటీది, ఇంకొకటి కొత్త కమిటీది. రెండూ తీస్తేనే దేవుడి సన్నిధికి దారి. క్రిస్మస్‌నాడు తెల్లవారుజామున అయిదింటికి ఒక వర్గం ఆరాధన, తొమ్మిదింటికి రెండో వర్గం ఆరాధన. అంటే యేసయ్య మా ఊళ్ళో ఏటా రెండుసార్లు పుడతాడు. ఇది సిద్ధాంత భేదం అనుకునేరు, కాదు. కాంపౌండు గోడకు ఆనుకుని మెయిన్ రోడ్డు మీద షాపులున్నాయి. వాటికి అద్దెలు వస్తాయి.

‘సమాధానపరచువారు ధన్యులు’ అని లోపల గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. బైబిల్‌ను తెలుగు చేసినవాళ్ళది ఎంత ముందుచూపు! సమాధానం అంటే చర్చిలో శాంతి, కోర్టులో నోటీసుకు లాయరుగారు రాసిచ్చే జవాబు. మావాళ్ళు రెండో అర్థంలో ఇప్పటికి మూడుసార్లు ధన్యులయ్యారు. సంఘస్థులు కోర్టుకెక్కడమేమిటని బైబిల్లో పౌలు కొరింథు సంఘంవాళ్ళకు చివాట్లు పెట్టాడు నిజమే. పాపం, ఆయనకు షాపుల అద్దె సంగతి తెలియదు.

ఈ పునరుద్ధరణ న్యాయం పాఠం పుట్టుక కూడా విచిత్రమైనదే. 1974లో కెనడాలో ఎల్మీరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల విధ్వంసం చేశారు. శాంతివాదులైన మెనోనైట్ క్రైస్తవ సంఘానికి చెందిన ఓ ప్రొబేషన్ అధికారి (జైలు బయట ఉన్న నేరస్థుల మంచిచెడ్డలు చూసేవాడు), వీళ్ళు బాధితుల ముఖం చూస్తే బాగుంటుందన్నాడు. జడ్జి సరేనన్నాడు. కుర్రాళ్ళు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి, తప్పు ఒప్పుకుని, నష్టం కట్టారు. దెబ్బ ఎవరికి తగిలింది, వాళ్ళకేం కావాలి, అది తీర్చే బాధ్యత ఎవరిది అని అడగడమే ఈ పద్ధతికి మూలం. తలుపు తట్టినవాడు తప్పు చేసినవాడన్నది గమనించండి.

మన రాజీ పంచాయతీల్లో దెబ్బలు తిన్నవాడే వెళ్ళి తలుపు తట్టాలి. వాడు దళిత గూడెం క్రైస్తవుడైతే పెద్దమనుషులకు మరీ సుఖం. ‘క్షమించడం మీ మతంలోనే ఉంది కదరా’ అంటారు. హిందువు కానివాడు ఎస్సీ కాడని 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. అంటే బాప్తిస్మంతో కాగితం మీద ఎస్సీ పోయింది. ఆ ఉత్తర్వు నకలు మాత్రం కర్ర పట్టుకున్నవాడికి ఇంకా అందలేదు.

ఆ మధ్య మా దగ్గరికి నిజంగానే ఓ విద్యార్థి వచ్చాడు. మూడు వారాలు కమిటీ మీటింగులో మూల కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నాలుగో వారం లేచి, “అయ్యగారూ, ఇందులో దెబ్బ ఎవరికి తగిలింది?” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నుంచి గంట కొట్టే తాత చెయ్యెత్తాడు. తగాదా వల్ల బ్యాంకు ఖాతా ఆగిపోయి ఏడు నెలలుగా ఆయనకు జీతం లేదు.

పాత కమిటీ పెద్దాయన ప్రేమగా, “తాతా, డెబ్బై ఏళ్ళ మార్లు క్షమించమన్నాడు ప్రభువు. నీవి ఇంకా ఏడు నెలలే కదా” అన్నాడు. కొత్త కమిటీ సెక్రటరీ ఆమెన్ అన్నాడు. ఆ రెండు వర్గాలూ ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు.

ఆ రాత్రే ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలిపించుకోమని కాలేజీకి ఉత్తరం వెళ్ళింది. ఒకే కాగితం, రెండు వర్గాల సంతకాలూ దాని మీదే. శాంతి స్థాపనకు ఇంతకంటే రుజువేం కావాలో నాకు తెలియదు, మార్కులు వేసేవాళ్ళే చెప్పాలి. తాత జీతం సంగతి వచ్చే మీటింగు అజెండాలో చేర్చారు, కోరం ఉంటే.