బూరెకి దిష్టి

వనజ: ఏమండీ, మొత్తానికి మీకూ భక్తి కుదిరిందన్నమాట.

భాస్కర్: ఇప్పుడేం చేశాను?

వనజ: పొద్దున పోపుల డబ్బా పక్కన చూశాను. జిప్ కవర్లో సోడా మూత, మూతలో తడి ఉప్పు, పక్కన బుల్లి గడియారం. దిష్టి అంటే మూఢనమ్మకమని ఇన్నేళ్లూ నన్ను ఆడిపోసుకున్నారే!

భాస్కర్: అది దిష్టి ఉప్పు కాదు వనజా.

వనజ: ఔను, గాలి కూడా దూరకుండా బిగించారు. దిష్టి తిరిగొస్తుందని కాబోలు. గడియారం పెట్టారంటే ముహూర్తం కూడా చూశారా?

భాస్కర్: అది గడియారం కాదు, హైగ్రోమీటర్. మన పాము బూరె ఉండే పెట్టెలో తేమ ఎంతుందో చెబుతుంది.

వనజ: అంటే తీసింది పాముకా! నాకు డెంగీ వచ్చి పది రోజులు మంచం పడితే చిటికెడు ఉప్పు తిప్పలేదు.

(ఆయన ఇక్కడ ఊరుకుని పేపర్ చదువుకోవాల్సింది. కుర్చీ ముందుకి జరుపుకుని వివరించడం మొదలుపెట్టారు.)

భాస్కర్: మొన్న కుబుసం చూశావుగా? తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా రావాలి. పేలికలు పేలికలుగా వచ్చింది. మన బూరె బాల్ పైథాన్, అంటే ఆఫ్రికా కొండచిలువ. దానికి తేమ 60 శాతం దాకా ఉండాలి. మీటర్ రోజూ 60 చూపిస్తూనే ఉంది. మరి ఎందుకు చిరిగింది? మీటరే అబద్ధమాడుతోందని నా అనుమానం. తడి ఉప్పుతో కలిపి మూసిపెడితే లోపల తేమ 75 దగ్గర ఆగిపోతుంది. మీటర్ కూడా 75 చూపించాలి. లేదంటే దొంగదే.

వనజ: అంత తెలిసినవాళ్లకి తీసిన ఉప్పు దారిలో పెట్టకూడదని తెలీదా? ఎవరైనా తొక్కితే? అందుకే సింకులో పోసి కుళాయి తిప్పేశాను.

భాస్కర్: పారబోశావా! రాత్రంతా ఉంచింది!

వనజ: మంజీరా నీళ్లు రోజు మార్చి రోజు వస్తున్నా, దాని దిష్టి కోసం చెంబెడు ఖర్చు పెట్టాను. థాంక్స్ చెప్పండి.

భాస్కర్: పోసే ముందు ఎంత చూపించింది? నంబర్ చూశావా?

వనజ: చూశాను.

భాస్కర్: ఎంత?

వనజ: చెప్పను. ముందు నాకు దిష్టి తీయండి. దానికి తీసినంత శ్రద్ధగా.

భాస్కర్: తీయలేదు మొర్రో!

వనజ: సరే. నంబర్ కూడా నేను చూడలేదు.

(అయిదు నిమిషాల తర్వాత, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గుప్పెట్లో ఉప్పుతో భార్య ముందు నిలబడ్డారు.)

భాస్కర్: ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి...

వనజ: మీ అక్కయ్య దిష్టి కలపండి.

భాస్కర్: అక్కయ్యేం చేసింది?

వనజ: తిప్పండి ముందు. అటు కాదు, ఇటు. ఇంకో రెండుసార్లు. ఆ... 82.

భాస్కర్: ఏంటి 82?

వనజ: మీ గడియారం.

భాస్కర్: చూశావా! ఏడు ఎక్కువ చెబుతోంది. అంటే పెట్టెలో అసలు ఉన్నది 53, అటూ ఇటుగా.

వనజ: మీ తమ్ముడు జీతం చెప్పినట్టు.

భాస్కర్: పైన జాలీ మూత, పక్కన దీపం వేడి, బయట ఏప్రిల్ ఎండ. తేమ ఎక్కడ నిలుస్తుంది?

వనజ: బిందెడు నీళ్లు పోయండి మరి.

భాస్కర్: తడిసి ముద్దయితే పొట్ట కింద పొలుసులు కుళ్లుతాయి. ఊపిరితిత్తులకీ జబ్బు చేస్తుంది. తేమ ఉండాలి కానీ అడుగున బురద కాకూడదు.

వనజ: అబ్బో! నా జలుబుకి ఆవిరి పట్టుకో అన్నారంతే. దాన్నేమో ఢిల్లీ పోర్టల్లో రిజిస్టర్ కూడా చేయించారు. మన పెళ్లి ఇవాళ్టికీ రిజిస్టర్ కాలేదు.

భాస్కర్: అది చట్టం వనజా.

వనజ: నేనూ ఆఫ్రికాలో పుట్టాల్సింది.

భాస్కర్: దాన్ని ముట్టుకోను అన్నదానివి, మొన్న తోకకి మిగిలిన కుబుసం ఎవరు తీశారు?

వనజ: మీ చేతులు వణుకుతుంటే ఏం చేయను? తడి తువ్వాల్లోంచి పాకిస్తే అదే ఊడొచ్చింది. చిన్నపిల్లలా చుట్టుకుని కూర్చుంది, పాడు ముండ. దానికి మళ్లీ అంత కష్టం రాకుండా చూడండి.

(ఈ చివరి వాక్యం కాస్త మెల్లగా అన్నారు. ఆయనకి అవకాశం దొరికింది.)

భాస్కర్: దానికే ఒక ఉపాయం ఉంది. అవి ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకునే జీవాలు. ఒక డబ్బాకి కన్నం పెట్టి, లోపల తడి నాచు వేస్తే కుబుసం వేళకి అందులో దూరుతుంది. జాలీ మూత సగం కప్పేద్దాం. ఇక డబ్బా అంటే... ఆ నీలం మూతది...

వనజ: మా అమ్మ ఇచ్చిన ఆవకాయ డబ్బాకి కన్నమా!

భాస్కర్: ఖాళీగానే ఉంది కదా.

వనజ: పాముకైతే మీకు నా వంటింట్లో ఖాళీలు కూడా కనిపిస్తాయి. తీసుకోండి. కన్నం మాత్రం నేను పెడతాను. మీరు పెడితే గేదె దూరుతుంది. అంచులు కూడా నున్నగా అరగదీయాలి, లేదంటే దాని ఒళ్లు గీసుకుపోతుంది. పని అయ్యాక డబ్బా కడిగి ఇవ్వండి.

భాస్కర్: కన్నం పడ్డ డబ్బా ఏం చేసుకుంటావు?

వనజ: కన్నానికి ప్లాస్టర్ వేసి, ఆవకాయ పెట్టి మీ అక్కయ్యకి పంపిస్తా.