ఆరో తరగతికే ఆలస్యమైపోయిందట!

మా మేనల్లుడికి పదకొండేళ్లు. వాడి జీవితం ఇప్పటికే దారి తప్పిందన్న సంగతి మొన్న ఆదివారం దాకా మా ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలీదు. విశాఖ చినవాల్తేరులో మా చెల్లెలి ఇంటికి పొద్దున్నే ఒక కార్పొరేట్ స్కూలు పీఆర్వో గారు దయచేసి, హెల్మెట్ సోఫాలో కూర్చోబెట్టి, తాను పక్కన సర్దుకుని, బ్యాగులోంచి లామినేషన్ చేయించిన చార్టు తీసి టీపాయ్ మీద పరిచాక గానీ తెలిసిరాలేదు.

పీఆర్వో అంటే ఎవరో మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో టెన్త్ చదివే పిల్ల ఉంటే, సంక్రాంతికి అల్లుడు రాకపోయినా ఈయన వస్తారు. మన ఫోన్ నంబరు, పిల్ల పేరు, హాఫియర్లీలో లెక్కల్లో ఎన్ని పోయాయో అన్నీ తెలుసు ఆయనకి. ఎలా తెలుసని అడగడం మర్యాద కాదు. ఇదివరకు పదో తరగతి గడప దాటి కిందికి వచ్చేవారు కాదు. ఇప్పుడు ఆరుకి దిగారు. ఈ లెక్కన ఇంకో రెండేళ్లలో బారసాలకి వచ్చి, బియ్యంలో పేరు రాసేటప్పుడే పక్కన గ్రూపు కూడా రాయించేస్తారు.

చార్టు మాత్రం శ్రద్ధగా చేశారు, కాదనను. ఆరు నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడు మెట్లు. మొదటి మెట్టు మీద బ్యాగు తగిలించుకున్న పిల్లాడు. ఏడో మెట్టు మీద అదే పిల్లాడు, టై కట్టుకుని. మధ్యలో ఐదు మెట్ల మీద ఎవరూ లేరు. స్టడీ అవర్లో ఉండి ఉంటాడు. ఆరులో ఫౌండేషన్, ఏడులో స్ట్రాంగ్ ఫౌండేషన్, ఎనిమిదిలో అడ్వాన్స్‌డ్ ఫౌండేషన్. మూడేళ్లు పునాదులే. మధురవాడలో పదంతస్తుల అపార్టుమెంటుకి కూడా ఇన్నాళ్లు గొయ్యి తవ్వరు. తొమ్మిదిలో ఇంటర్ ఫస్టియర్ పాఠాలు, పదిలో సెకండియర్ పాఠాలు, ఇంటర్‌లో రెండేళ్లూ రివిజన్.

"మరి పదో తరగతి పాఠాలు ఎప్పుడు చదువుతాడండీ?" అన్నాను.

"మధ్యలో ఖాళీ దొరికినప్పుడు సార్."

ఇక అసలు ఘట్టం. "బాబు గోల్ ఏంటి మేడమ్?" అని మా చెల్లిని అడిగారు. ఆరో క్లాసే కదండీ అని అది నసిగింది. ఆయన జాలిగా తలూపారు. "ఇప్పటికే లేటు మేడమ్. మిగతా పిల్లలు రెండేళ్లు ముందున్నారు."

మా అమ్మ కూరగాయలు తరుగుతున్న కత్తిపీట ఆపి, "ఏటి బాబూ, మా గుంటడికి ఇంకా చెప్పుల జత తిన్నగా తొడుక్కోడం రాదు, అప్పుడే ఆలీసమైపోనాదా?" అంది.

అంతలో వాడే వచ్చి చెప్పేశాడు, పైలట్ అవుతానని.

పీఆర్వో గారి మొహం వెలిగిపోయింది. "సూపర్ నాన్నా! ఎన్డీఏ, అదే డిఫెన్స్ అకాడమీ, ఫౌండేషన్ కూడా ఉంది సార్ మా దగ్గర. సేమ్ ఫీజు."

"ఆ పైలట్ కాదంకుల్. ఓడ పైలట్."

"ఓడకి పైలట్ ఉండడు నాన్నా, కెప్టెన్ ఉంటాడు."

మావాడు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పాఠం మొదలెట్టాడు. సాయంత్రం బీచికెళ్తే దూరంగా ఓడలు వరసగా ఆగి ఉంటాయి కదా, అవి రేవులో బెర్తు ఖాళీ లేక ఆగినవట. పిలుపొచ్చాక హార్బర్ నుంచి చిన్న బోటు వెళ్తుందట. అందులోంచి ఒకాయన తాళ్ల నిచ్చెన పట్టుకుని, నడుస్తున్న ఓడెక్కి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఆ సన్నటి దారిలో ఓడని లోపలికి తెస్తాడట. "కెప్టెన్‌కి సముద్రం తెలుసు. మన హార్బర్ తెలీదు కదా, అందుకని."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పీఆర్వో గారు చార్టు వెతికారు. తిరగేశారు. వెనకాల ఫీజులున్నాయి. చివరికి గొంతు సవరించుకుని, "అది మెకానికల్ కిందకే వస్తుంది సార్. ముందు ఐఐటీలో మెకానికల్ కొట్టేస్తే, తర్వాత ఓడలోకి దిగొచ్చు" అన్నారు.

"ఓడలోకి ఎక్కుతారు గానీ దిగడమేటి బాబూ," అంది మా అమ్మ, వంకాయ తరుక్కుంటూ.

ఇదీ మన కెరీర్ ప్లానింగు. 1933లో పెద్ద ఓడలకి తలుపులు తెరిచిన రేవు ఈ ఊళ్లో ఉంది. షిప్‌యార్డు ఉంది. తూర్పు నౌకాదళం ఉంది. 32 ప్రాణాలు పోసి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. ఓడల డిజైన్ చదువు చెప్పే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. కిటికీ తీస్తే కనబడే బతుకుతెరువులు ఇన్ని ఉంటే, ఏడు మెట్ల చార్టులో ఉన్నవి రెండే పేర్లు, ఐఐటీ, నీట్. మావాడు చెప్పిన పనికి దారి లేకపోలేదు. ఇంటర్ ఎంపీసీ చదివి, ఆ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఐఎంయూ సెట్ రాసి, ఓడ నడిపే చదువు నాటికల్ సైన్స్ చేసి, ఏళ్లకేళ్లు సముద్రం మీద గడిపి, కెప్టెన్‌కి కావాల్సిన మాస్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ కోర్సులో చేరాలంటే ఇంగ్లిష్‌లోనూ 50 శాతం కావాలి. ఇంగ్లిష్ పీరియడు తీసేసి ఫిజిక్స్ చెప్పే చోట ఈ ముక్క ఎవరు చెబుతారు?

మా నాన్న ప్లానింగు ఇంకా తేలిక. కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించి, కార్డు ట్రంకు పెట్టెలో పెట్టి, మర్చిపోవడం. కనీసం దానికి ఎవరూ ఫీజు అడగలేదు.

నాకూ కాస్త లెక్కలొచ్చు కాబట్టి అడిగాను. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200 మంది. ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. అంతకుముందు జేఈఈ మెయిన్ దగ్గరే ఆగిపోయిన లక్షల మందిని వదిలేసినా, గుమ్మం దాకా వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది వెనక్కి తిరగాల్సిందే. "ఆ తొమ్మిదిమందికీ ఇందులో మెట్టేదండీ?"

"మనం పాజిటివ్‌గా ఆలోచించాలి సార్."

పదహారేళ్లు నిండని పిల్లల్ని కోచింగులో చేర్చుకోవద్దని, ర్యాంకు గ్యారంటీలు ఇవ్వొద్దని 2024 జనవరిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది కదా అన్నాను. దానికీ జవాబుంది ఆయన దగ్గర. "అది కోచింగ్ సెంటర్లకి సార్. మాది స్కూలు." ఒప్పుకున్నాను. బోర్డు మీద స్కూలనే ఉంటుంది. లోపల ఏముంటుందో అడక్కూడదు. పుల్లట్టు బండి మీద పిజ్జా అని రాసుకుంటే పిజ్జాయే మరి.

సెక్షన్లు ఎలా వేస్తారని మా చెల్లి అడిగింది. "వీకెండ్ టెస్టుని బట్టి మేడమ్. బాగా రాస్తే పై సెక్షను, తగ్గితే కింది సెక్షను. లిస్టు నోటీసు బోర్డులో పెడతాం. మోటివేషన్ కోసం."

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ల పిల్లాడు సోమవారం పొద్దున్న తన బ్యాగు తీసుకుని, అందరూ చూస్తుండగా, కింది సెక్షన్ గదికి నడుచుకుంటూ పోవాలి. దీన్ని మోటివేషన్ అంటారు. అది అవమానం. చిన్నపిల్లలకి పెద్దవాళ్లు డబ్బు తీసుకుని చేసే అవమానం. నీట్ చదువుకోడానికి వేరే రాష్ట్రం నుంచి మన ఊరికి వచ్చిన ఒక ఆడపిల్ల ఇక్కడి హాస్టల్లో ఉంటూ చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో కోర్టు దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు రాసింది. మార్కుల్ని బట్టి బ్యాచీలు విడగొట్టొద్దు, పిల్లల్ని నలుగురిలో చులకన చేయొద్దు, మోయలేని టార్గెట్లు పెట్టొద్దు అని అందులో ఉంది. ఇంత చిన్న మాట మనకి చెప్పడానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది! అమ్మానాన్నలకి తెలీదా? టీచర్లకి తెలీదా? ఆ హాస్టళ్ల పక్కనుంచే కదా మనందరం బీచికి పోయి మొక్కజొన్న పొత్తులు తిని వస్తున్నాం! మన ఊరి పేరు ఆ తీర్పులోకి ఎక్కినందుకు సిగ్గుపడ్డవాణ్ని ఒక్కణ్నీ నేను చూళ్లేదు. ఆ ఏడాదీ ద్వారకానగర్‌లో ర్యాంకుల ఫ్లెక్సీలు మాత్రం తగ్గలేదు.

సరే. వంద మంది పిల్లలున్న చోట ఒక కౌన్సెలర్ ఉండాలని కూడా అందులోనే ఉంది. మీ దగ్గర ఉన్నారా అని అడిగాను.

"ఉన్నారు సార్," అని పీఆర్వో గారు జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి నా చేతిలో పెట్టారు. ఆయన పేరే ఉంది. కింద ముచ్చటగా, అడ్మిషన్ కౌన్సెలర్.

మా అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చింది. కోపం వేరు, కాఫీ వేరు మా ఇంట్లో. తాగుతూ ఆయన కొంచెం మామూలు మనిషయ్యారు. దసరా లోపు నలభై సీట్లు చేయాలట, లేకపోతే జీతంలో కోత. ఇంజినీరింగ్ చేశారట. ఏ బ్రాంచి అని అడిగితే, గ్లాసు వైపు చూస్తూ, "మెకానికలే సార్" అన్నారు. ఆయనకీ ఎవరో ఎనిమిదో క్లాసులో మెట్ల చార్టు చూపించారట, కాకపోతే అప్పట్లో లామినేషన్ లేదట.

మావాడు చార్టు వెనక, ఫీజుల కింద ఉన్న ఖాళీలో పెన్సిల్‌తో హార్బర్ బొమ్మ గీసి, ఓడ ఎటునుంచి వస్తుందో బాణం గుర్తు పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు. చార్టు మడత పడకుండా బ్యాగులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, చెప్పులేసుకుని, చెల్లి లోపలికి వెళ్లిందని చూసుకుని, గొంతు తగ్గించి నన్నడిగారు.

"సార్, ఆ ఓడల కోర్సుకి ఏజ్ లిమిట్ ఎంతండీ?"